గోదాములో పాతబడిన కోతి

సోమిశెట్టి కామేశానికి ఆటల మీద అభిప్రాయమంటూ ఏదీ లేదు. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు బియ్యం అమ్మాడు, కానీ అన్నం మీద ఆయన అభిప్రాయం ఇంట్లో ఎవరికీ తెలియదు. తీసుకెళ్ళినవాడు మళ్ళీ వస్తే సరుకు మంచిది. రాకపోతే కాదు. ఆ కుటుంబంలో మంచిచెడ్డల విచారణ అంతటితో ముగిసేది.

నాన్న పోయాక బియ్యం వ్యాపారం పెద్ద పెద్ద మాల్స్‌కి వెళ్ళిపోయింది. కామేశం అదే కొట్టులో టీవీలు పెట్టి వీడియో గేములు ఆడించడం మొదలుపెట్టాడు. బోర్డు మీద ‘వాసవీ రైస్ సెంటర్’లో మధ్య మాట చెరిపి ‘గేమ్స్’ అని రాయించాడు. ఆ ఒక్క మాట రంగు మిగతా రెండు మాటల కన్నా కొత్తగా కనిపిస్తుంది. లైసెన్సు మాత్రం మార్చలేదు. అందులో ‘బియ్యం, అపరాలు, తదితర’ అని ఉంది. కొత్త లైసెన్సుకి పదకొండు సంతకాలు కావాలి, పాతది పొడిగించడానికి ఒక్కటి చాలు. పైగా ‘తదితర’ అన్న మాటలో ప్రపంచంలో మిగిలినవన్నీ పడతాయి, గేములు పట్టవా అనుకున్నాడు. పదిహేనేళ్ళు పట్టాయి కూడా.

కొట్టులో ఎడమ గోడకి ఆరు పాత టీవీలు, కుడి గోడకి ఆరు పెద్ద తెరలు. రెండు వైపులా ఆడేది ఒకే కంపెనీ ఆట. తారాజువ్వ అనే ఆ కంపెనీ పాతికేళ్ళ కిందట ‘కోటలో కోతి’ అనే గేము తీసింది. కోతి గోడలు దూకుతుంది, మామిడిపళ్ళు తింటుంది, కావలివాడు తరుముతాడు. అంతే ఆట. తర్వాత అదే కోతితో రెండోది, మూడోది అంటూ తీస్తూ పోయి, మొన్న పది రోజుల కిందట ఏడోది విడుదల చేసింది. ఎడమ వైపు గంటకి ఇరవై రూపాయలు, కుడి వైపు అరవై. ఎడమ వైపు వాళ్ళు పొద్దున వచ్చేవాళ్ళు, కుడి వైపు వాళ్ళు సాయంత్రం. ఈ రెండు పక్షాలూ ఒకరికొకరు ఎదురుపడకపోవడమే తన వ్యాపార రహస్యమని కామేశానికి అప్పటిదాకా తెలియదు.

ఒకరోజు పొద్దున కరెంటు పోయింది. దాంతో పైడయ్య గారు సాయంత్రం వచ్చారు. ఆయన ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఎడమ గోడ మూడో టీవీ ఆయనది. క్యాసెట్టు తీసి, అడుగున నోటితో రెండుసార్లు ఊది, మళ్ళీ పెడితే గానీ ఆయన ఆట మొదలవదు. ఆ సాయంత్రం ఊదబోతూ, కుడి వైపు తెర కేసి చూసి అలాగే ఉండిపోయారు.

“ఆ కోతి ఏం చేస్తోందయ్యా?” అని అడిగారు.

“ఆలోచిస్తోందండి,” అన్నాడు కామేశం బావమరిది భూషణం. కుడి గోడ బాధ్యత అతనిది.

“ఎంతసేపటి నుంచి?”

“ఇంకా పావుగంటే అయ్యిందండి. దాని చిన్నతనం గుర్తొస్తోంది. వాన పడుతోంది చూశారా, వెంట్రుక వెంట్రుకా తడుస్తోంది.”

“కోతన్నాక ఎగరాలి గానీ బాధపడటం ఏంటి?”

“మీ కాలం కోతికి బాధపడదామన్నా మొహం లేదు కదండీ. నాలుగు చదరపు గళ్ళు. అది కోతో కొబ్బరికాయో చెప్పడానికి పైన పేరు రాయాల్సి వచ్చేది.”

“పేరు రాసినా అది ఎగిరేది. నీ కోతికి మొహం ఉంది, ఎగరడానికి మాత్రం సెలవు పెట్టుకుంది.”

“పాతవి బాగుంటాయని మీకెందుకు అనిపిస్తుందో తెలుసాండీ? అప్పుడు మీకు మోకాళ్ళ నొప్పులు లేవు.”

కామేశం కల్పించుకుని, “రెండూ మన సరుకే కదరా, ఏది తిట్టినా మనల్నే,” అని సర్దబోయాడు. అప్పటికే ఆలస్యమైంది. పైడయ్య గారు డిపోలో ముప్పై నాలుగేళ్ళు ఫిర్యాదులు తీసుకున్న మనిషి. ఒకటి ఎలా రాయాలో ఆయనకి తెలుసు. అక్కడే బెంచీ మీద కూర్చుని, గోడ మీది లైసెన్సు అడుగున ముద్రించి ఉన్న కార్యాలయం చిరునామాకి కార్డు రాశారు. ‘ఈ కొట్టులో పాతవి బాగున్నాయి. కొత్తవి బాగాలేవు. అయినా కొత్తవాటికి మూడింతలు వసూలు చేస్తున్నారు. విచారించగలరు.’

ఆ చిరునామా నిల్వ సరుకుల వయో నిర్ధారణ మండలిది.

తొమ్మిదో రోజు మండలి ఉపనిర్ధారణాధికారి హైమావతి గారు జీపులో దిగారు. ఆవిడ వెంట ఒక సంచీ, తేమ కొలిచే యంత్రం, బస్తాలో గుచ్చి గింజలు తీసే ఇనుప గొట్టం వచ్చాయి. ఆవిడ తెలివితక్కువ మనిషి కాదు. లోపల అడుగుపెట్టగానే ఇది బియ్యం కాదని గ్రహించారు. కానీ ఫైలు బియ్యం ఫైలు.

“మేడం, ఇవి గేములండి,” అన్నాడు కామేశం.

“కనిపిస్తూనే ఉంది. తమరు ఏ పద్దు కింద లైసెన్సు పొందియున్నారో ఆ పద్దు కిందనే తనిఖీ జరుగును. తదితర సరుకులకు సైతం ప్రధాన సరుకు యొక్క నిబంధనలే వర్తించును.” కలం తీశారు. “ఈ ఏడో రకం కోత ఎప్పుడు?”

“కోతంటే…”

“ఉత్పత్తిదారు వద్ద నుండి ఎప్పుడు వెలువడినది?”

“పందొమ్మిది రోజులైందండి.”

“అనగా పచ్చి కొత్తది.” ఆవిడ రాసుకున్నారు. తర్వాత డిస్కు మీద తేమ యంత్రం ఆనించారు. సున్నా చూపించింది. ఆవిడ ముఖంలో మొదటిసారి మెచ్చుకోలు కనిపించింది. “బాగా ఆరబెట్టారు,” అన్నారు. రాళ్ళు లేవు, పురుగు లేదు. నూకల శాతం దగ్గర ఆగారు. నూక అంటే మధ్యలో విరిగిన గింజ కాబట్టి, ఆట మధ్యలో ఎన్నిసార్లు ఆగిపోతుందని అడిగారు. భూషణం గొప్పగా, “గంటకి రెండుసార్లే మేడం. అప్‌డేట్ వస్తే అదీ ఉండదు,” అన్నాడు. ఆవిడ ‘నూక: ఉన్నది’ అని రాశారు.

ఉడికించి చూసే పరీక్ష కూడా జరగాలి. ఇరవై అయిదు నిమిషాలు ఆట నడిపారు. కోతి ఇంకా చిన్నతనంలోనే ఉంది.

“ముద్ద అయినది,” అన్నారు హైమావతి గారు. “కొత్తది ముద్ద అగుట సహజం. ఇప్పుడు తమ మీద ఆరోపణకు వద్దాం. కొత్తదానికి ఎక్కువ, పాతదానికి తక్కువ వసూలు చేస్తున్నట్లు రుజువైనది. ఇన్నేళ్ళ సర్వీసులో పాత బియ్యం కన్నా కొత్త బియ్యం ధర ఎక్కువున్న కొట్టు నేను చూచి ఉండలేదు.”

కొత్త బియ్యం పాత బియ్యం కన్నా చవకని ఆవిడకన్నా కామేశానికి బాగా తెలుసు. ఆ మాట కాదంటే వాళ్ళ నాన్నని కాదన్నట్టే.

“మరి పాతవే మంచివని ఎలా తేల్చారండీ?” భూషణం ఊరుకోలేదు.

“పద్నాలుగో నిబంధన. పాతది మేలైనది. పరీక్ష అనునది దానిని ధ్రువపరచుటకే గాని తేల్చుటకు కాదు.”

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ఏడో కోతిని ఏడాది పాటు మండలి గోదాములో నిల్వ ఉంచి, పాతబడిన పిమ్మట విడుదల చేయవలెను. కుడి గోడ తెరలతో సహా లారీ ఎక్కింది, ఏ గింజలు ఏ సంచిలో ఉంటే ఆ సంచితోనే స్వాధీనం చేసుకోవాలి కనుక. పైడయ్య గారు లారీ వెళ్ళేదాకా గుమ్మంలో నిలబడి చూసి, లోపలికొచ్చి తన క్యాసెట్టు ఊదుకున్నారు.

ఆయన సంతోషం నాలుగు రోజులు సాగింది. ఆదేశాలు అమలయ్యాయో లేదో చూడడానికి వచ్చిన హైమావతి గారు ఈసారి ఎడమ గోడ వయసు అడిగారు.

“పాతికేళ్ళండి,” అన్నారు పైడయ్య గారు, కామేశం ఆపేలోపే. “అచ్చమైన పాతవి.”

కలం ఆగింది. “పాత అనగా ఏడాది దాటి మూడేళ్ళ లోపుది. మూడేళ్ళు దాటినది నిల్వ మించిన సరుకు. మానవ వినియోగమునకు పనికిరాదు. పశువుల దాణాకు పంపవలెను.”

“ఏమ్మా, నేను రోజూ వినియోగిస్తున్నాను కదా, నాకేమైంది?”

“తమ ఆరోగ్య పరిస్థితి ఈ ఫైలు పరిధిలోనికి రాదు.”

ఏడాదికి పైన, మూడేళ్ళకి లోపల ఉన్న కోతి ఒక్కటైనా ఉందా అని కామేశం వేళ్ళ మీద లెక్క వేశాడు. ఆరోది వచ్చి అయిదేళ్ళయింది. ఏడోదానికి కోతి వెంట్రుకలు ఒక్కొక్కటే అతికించడంలో తారాజువ్వ వాళ్ళకి మధ్యలో ఇంకేం తియ్యడానికి తీరిక దొరకలేదు. అంటే మండలి లెక్కలో మంచి సరుకు ఈ భూమ్మీద లేదు. ఆ సాయంత్రానికి ఎడమ గోడ కూడా ఖాళీ అయింది. తలుపు మీద కాగితం అతికించారు. ఏడాది చివర ఏడో కోతిని ఫిర్యాదుదారు స్వయంగా పరీక్షించి, పాతబడిందని సంతకం పెడితే కొట్టు తెరవవచ్చు. లేని పక్షంలో సరుకు వేలం, లైసెన్సు రద్దు. అప్పటివరకు ఫిర్యాదుదారు వివాదాస్పద సరుకును, అనగా ఏడో కోతిని, తాకరాదు.

ఆ కొట్టు తలుపులు తియ్యని రోజు ఇంతకు ముందు ఒక్కటే ఉంది, కామేశం నాన్న పోయిన రోజు. రెండో రోజు ఏడాది పొడుగున ఉండబోతోంది. దాని చివర తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది పైడయ్య గారి కలం మీద ఉంది.

పాత క్యాసెట్ల దాణా పరీక్ష గోదాము ఆవరణలో జరిగింది. ఎదురింటి పాల కాంతమ్మ గేదెని తోలుకొచ్చారు. తొట్టెలో ఇరవై రెండు క్యాసెట్లు పోశారు. కాస్త తవుడు కలుపుదామని కాంతమ్మ అంది గానీ, కల్తీ కిందికి వస్తుందని మండలి పిలిపించిన పశువైద్యుడు ఒప్పుకోలేదు. గేదె వాసన చూసింది. మూడో నంబరు క్యాసెట్టుని ఒకసారి నాకి, గట్టిగా ఊపిరి వదిలి, మొహం తిప్పుకుని కుడితి కోసం కాంతమ్మ కేసి చూసింది.

“కొంత స్వీకరించినట్లేనా?” అన్నారు హైమావతి గారు.

“నాకడం స్వీకరించడం కింద రాదండి,” అన్నాడు పశువైద్యుడు. ‘పశువు విముఖత వ్యక్తం చేసినది’ అని సంతకం పెట్టాడు.

“మా గేదె ఎప్పుడూ ఇలా చెయ్యలేదమ్మా,” అంది కాంతమ్మ, ఆఫీసరు ముందు పరువు పోయినట్టు.

దాంతో చిక్కొచ్చింది. మండలి రిజిస్టరులో రెండే గళ్ళు ఉన్నాయి, మనుషులకు, పశువులకు. మూడో గడి గీసే అధికారం ఎవరికీ లేదు. కాబట్టి పాత క్యాసెట్లని కూడా నిర్ణయం వచ్చేదాకా గోదాములోనే, ఎడమ గోడకి, వాటి టీవీలతో సహా పేర్చారు. కుడి గోడకి కొత్తవి ఎలాగూ ఉన్నాయి.

కామేశం ఆ రోజు ఇంటికెళ్ళి, భూషణంతో కలిసి భోజనానికి కూర్చున్నాడు. మజ్జిగలోకి వచ్చాక అన్నాడు.

“ఒరేయ్ భూషణం, అదే కొట్టు.”

“ఏది బావా?”

“ఎడమ గోడ, కుడి గోడ. పన్నెండు టీవీలు. కరెంటు కూడా వాళ్ళదే. మనం ఇంట్లో కూర్చోడం తప్ప తేడా ఏముంది?”

“తేడా ఏంటంటే అది గోదాము బావా. ఎవర్నీ రానివ్వరు.”

“గోదాములోకి ఒక్కళ్ళని రానివ్వక తప్పదురా. హమాలీలని.”

బియ్యం ఇంట్లో పుట్టినవాడికి ఒక సంగతి తెలుసు. నిల్వ పెట్టిన సరుకుని ఊరికే వదిలెయ్యరు. నెలకి రెండుసార్లు బస్తాలు తిరగెయ్యాలి, లేకపోతే అడుగుది మగ్గిపోతుంది. మండలి నిబంధనల్లోనూ అది ముప్పై రెండోది. కామేశం వెళ్ళేసరికి గోదాము కావలివాడు డిస్కు పెట్టెల్ని ఒక్కొక్కటే తీసి, బోర్లించి, మళ్ళీ పెడుతున్నాడు.

కామేశం చాలాసేపు బాధగా చూసి, హైమావతి గారి దగ్గరికి వెళ్ళాడు.

“మేడం, అలా తిరగేస్తే సరుకు దెబ్బ తింటుందండి. బస్తా తిరగెయ్యడమంటే పైన సంచి బోర్లించడమా? లోపలి గింజ బయటికి రావాలి, బయటిది లోపలికి పోవాలి. దీంట్లో గింజ కదలాలంటే ఆట నడవాలి. డిస్కు లోపల తిరగాలి. పది రోజులు తిరక్కపోతే ఏడాది చివర దీంట్లో పలుకు రాదు, మళ్ళీ ముద్దే అవుతుంది. నాకేం, ఎలాగూ మీ బాధ్యతలో ఉన్న సరుకు.”

చివరి మాట పనిచేసింది. ఆవిడ ముప్పై రెండో నిబంధన తీసి రెండుసార్లు చదివారు. “తిరగవేయుట అను పదమునకు నిర్వచనం లేదు,” అన్నారు ఆలోచనగా. “సరుకు స్వభావమును బట్టి అని అన్వయించవచ్చును.”

టెండరు పిలిచారు. తిరగేసే పనికి ముగ్గురు పోటీకొచ్చారు. మిగతా ఇద్దరూ రేటు రాశారు, కామేశం ‘ఉచితం’ అని రాశాడు. పని అతనికే వచ్చింది. హమాలీలని తెచ్చుకోవడం కాంట్రాక్టరు ఇష్టం, పద్దెనిమిదేళ్ళు దాటితే చాలు. వాళ్ళకి బ్యాడ్జీలు ఇవ్వడం కూడా కాంట్రాక్టరు పనే. కామేశం ఇత్తడి బ్యాడ్జీలు చేయించి, గంటకింత అని అద్దెకిచ్చాడు. ఎడమ గోడ బ్యాడ్జీకి ఇరవై, కుడి గోడ బ్యాడ్జీకి అరవై.

నెల తిరిగేసరికి ఊళ్ళో హమాలీ పని నేర్చుకోవాలనే ఉత్సాహం చెప్పలేనంత పెరిగింది. బ్యాంకులో పనిచేసేవాళ్ళు, ప్లీడర్లు, మందుల షాపు ఓనర్లు తలకి తుండు చుట్టుకుని సాయంత్రం అయిదింటికల్లా గోదాము గేటు దగ్గర వరసలో ఉండేవాళ్ళు. తలకి తుండు తప్పనిసరి అని ముప్పై మూడో నిబంధన. మండలి నెలవారీ నివేదికలో ‘సరుకు నిర్విరామముగా తిరుగుచున్నది’ అని రాశారు. పై ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. పక్క జిల్లాలో పప్పుల గోదాములో ఇంత శ్రద్ధ ఎందుకు లేదని వాళ్ళకి మెమో వెళ్ళింది.

పైడయ్య గారు మొదట మూడు వారాలు రాలేదు. తర్వాత ఒక పొద్దున, మడత నలగని తుండు తలకి చుట్టుకుని వచ్చి, ఎటో చూస్తూ, “మూడో నంబరు బ్యాడ్జీ ఉందా?” అన్నారు.

“మీ కోసమే పక్కన పెట్టానండి,” అన్నాడు కామేశం.

ఆయన మూడో టీవీ ముందు కూర్చుని, క్యాసెట్టు తీసి ఊదబోయారు. భూషణం ఆపి, “అక్కర్లేదండి, గేదె ఊదింది,” అన్నాడు. నిజంగానే ఆ క్యాసెట్టు ఆ తర్వాత ఊదకుండానే ఆడింది.

గోదాములో పొద్దున వేళ, సాయంత్రం వేళ అని లేదు. ఇరవై నాలుగ్గంటలూ తిరగేత షెడ్యూలు ఉంది గనక రెండు గోడలూ కలిసే నడిచేవి. పైడయ్య గారి వీపు వెనకే ఏడో కోతి వానలో తడిసేది. తాకకూడదని ఉత్తర్వు ఉంది గానీ వినకూడదని లేదు. మొదట ఆయన చిరాగ్గా కుర్చీ జరుపుకునేవారు. రెండో నెలలో, “ఆ ఏడుపు తగ్గించవయ్యా,” అనేవారు. ఆరో నెలలో ప్లీడరు ఒకాయన కోట వెనక దారి దొరక్క గంటసేపు తంటాలు పడుతుంటే, ఈయన తల తిప్పకుండానే, “ఎడమ పక్క బావి ఉంది, అందులోకి దూకించు,” అన్నారు. కామేశం విన్నాడు. విననట్టు బ్యాడ్జీలు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఏడాది నిండింది. హైమావతి గారు సంచీతో, తేమ యంత్రంతో వచ్చారు. గోదాము మధ్యలో కుర్చీ వేసి పైడయ్య గారిని కూర్చోబెట్టారు. హమాలీలందరూ తుండ్లు తీసి చేత్తో పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. తేమ సున్నా. నూక లేదు, అప్‌డేట్ వచ్చింది.

“ఫిర్యాదుదారు ఉడుకు పరీక్ష ప్రారంభించవచ్చును.”

ఏడాదిగా వీపుతో చూసిన కోతిని పైడయ్య గారు ఇప్పుడు ఎదురుగా చూశారు. వాన మొదలైంది. కోతి రాతి మెట్టు మీద కూర్చుంది. బటన్ నొక్కితే చిన్నతనం దాటుకుని ముందుకెళ్ళొచ్చని భూషణం చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. నలభై నిమిషాలూ చూశారు. కోతి లేచి దూకింది. బావి దారిన కోటలోకి పోయింది. ఇరవై అయిదు నిమిషాలు చాలని హైమావతి గారు రెండుసార్లు గుర్తుచేశారు. గంటన్నర అయింది.

కామేశం ఆ గంటన్నరలో తన జీవితాన్ని రెండుసార్లు కూడి చూసుకున్నాడు. రెండుసార్లూ మొత్తం ఆ కొట్టు దగ్గరే తేలింది.

“సారాంశం?” అన్నారు హైమావతి గారు.

పైడయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇదమ్మా ఆటంటే. పాతవాటిలో ఉండే నిదానం దీంట్లో ఉంది. వాన చూశారా, వెంట్రుక వెంట్రుకా తడుస్తుంది. ఇలాంటివి ఇప్పుడెవరు తీస్తున్నారు?”

భూషణం ఏదో అనబోయాడు. కామేశం అతని కాలు తొక్కాడు.

పైడయ్య గారు సంతకం పెట్టారు. ‘పాతబడినది, పలుకు వచ్చినది’ అని ముద్ర పడింది. పద్నాలుగో నిబంధన శాస్త్రీయంగా రుజువైన మొదటి సందర్భమని హైమావతి గారు అక్కడే టీ తాగుతూ నివేదిక రాశారు. పాత క్యాసెట్ల సంగతి ఇంకా పెండింగే గనక, వాటిని తిరగెయ్యడానికి మూడో నంబరు హమాలీని మండలి శాశ్వతంగా కొనసాగించింది. తిరగెయ్యాల్సింది కాంట్రాక్టరు కొట్టులోనే, బ్యాడ్జీ అద్దె మామూలే.

మర్నాడు తలుపు మీది కాగితం గీకేసి కామేశం కొట్టు తెరిచాడు. ఊడుస్తుండగా కొరియర్ వచ్చింది. తారాజువ్వ కంపెనీది, ఎనిమిదో కోతి. భూషణం అప్పటికప్పుడు విప్పి తెర మీద పెట్టాడు. కోతి ఈసారి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది.

తన టీవీ ముందు నుంచి పైడయ్య గారు వెనక్కి తిరిగి చూశారు.

“ఏంటయ్యా ఇది? ఆ ఏడోదానికీ దీనికీ పోలికుందా? అది ఆట. ఇదేముంది, అంతా వ్యాపారం.” జేబులో కార్డు కోసం తడుముకున్నారు.

కామేశం డిస్కు బయటికి తీసి, తుడిచి, పెట్టెలో పెట్టి మూశాడు. స్టూలు వేసుకుని, వాళ్ళ నాన్న కొత్త బియ్యం బస్తాలు వేసిన పై అటక మీదికి ఎక్కించాడు. ఆయన బస్తాల మీద రాసినట్టే, సుద్దముక్కతో పెట్టె మీద ఆ రోజు తేదీ వేసి కిందికి దిగాడు.

“బావా, ఇప్పుడు జనం అడిగేది దాన్నే కదా,” అన్నాడు భూషణం.

“అడిగిన వాళ్ళకి కిందికి దించి ఆడించు,” అన్నాడు కామేశం. “ఆడిన ప్రతిసారీ మళ్ళీ పైన పెట్టు. తిరుగుతూ తిరుగుతూ పాతబడనీ.”